వీస్ గుడిలో సంకెళ్ళ యేసయ్య

వీస్ చర్చికి వెళ్ళొచ్చినవాళ్ళు పెట్టే ఫొటోలన్నీ దాని పైకప్పువే. మేము వెళ్ళింది అమ్మ మొక్కు కోసం, అయినా గుమ్మం దాటగానే మా తలలూ పైకే లేచాయి, అది వేరే సంగతి.

జర్మనీలో, బవేరియా దక్షిణాన ఆల్ప్స్ కొండల అంచున, ష్టైన్‌గాడెన్ దగ్గర పచ్చిక బయళ్ళలో ఉంటుందీ గుడి. ఫ్యూసెన్ నుంచి బస్సుంది. దిగితే ఆవులు మేసే పొలాలు, నాలుగు ఇళ్ళు, నూనెలో కాల్చి పంచదార చల్లిచ్చే ఒక రకం బూరెలు, ఎదురుగా పెద్ద హడావిడి లేని లేతరంగు గోడలు. "ఇంత దూరం వచ్చింది దీనికేనా?" అంది అమ్మ.

దీనికే. 1730లో అక్కడి మఠంవాళ్ళు గుడ్ ఫ్రైడే ఊరేగింపు కోసం ఒక స్వరూపం తయారుచేశారు. కొత్తగా చెక్కింది కాదు, పాత చెక్క బొమ్మల ముక్కలు జతచేసి, మీద గుడ్డ అంటించి, రంగేసి, నిజం జుట్టు పెట్టారు. కొరడా దెబ్బలు తిని, గొలుసులతో స్తంభానికి కట్టేసి ఉన్న యేసు. జనం చూసి తట్టుకోలేకపోతున్నారని కొన్నేళ్ళకే ఊరేగించడం మానేసి ఓ మూల పడేశారు. చివరికి మరియా లోరి అనే రైతు ఇల్లాలు దాన్ని తనింటికి తెచ్చుకుంది. 1738 జూన్ 14న ఆ స్వరూపం ముఖం మీద ఆమెకి కన్నీళ్ళు కనిపించాయి. ఇక జనం రావడం మొదలుపెట్టారు, చిన్న ప్రార్థనాలయం కడితే అదీ సరిపోలేదు.

అప్పుడు పిలిపించిన మేస్త్రీ డొమినికస్ జిమ్మర్‌మన్. గచ్చు పనితో మొదలై గుళ్ళు కట్టేదాకా ఎదిగిన మనిషి. 1745లో మొదలుపెట్టి 1754కి పూర్తిచేశాడు, పైకప్పు బొమ్మలు వాళ్ళన్నయ్య యోహాన్ బాప్టిస్ట్ వేశాడు. లోపల పాలరాయిలా మెరిసే స్తంభాలు పాలరాయి కావు, గచ్చులో జిగురూ రంగులూ కలిపి నునుపు చేసినవి. గోపురంలా వంగిన కప్పు కూడా రాతిది కాదు, పైన దూలాలకి వేలాడగట్టిన చెక్క పట్టీల మీద గచ్చు పూశారు. బరువు తక్కువ కాబట్టే గోడల్లో అంతంత కిటికీలు పెట్టగలిగాడు, లోపలంతా వెలుగు. కప్పు మధ్యలో ఇంద్రధనస్సు మీద క్రీస్తు, పీఠం వైపు ఇంకా ఖాళీగా ఉన్న తీర్పు సింహాసనం. బయటికి వెళ్దామని వెనక్కి తిరిగితే ఆర్గాన్ వాద్యం పైన మూసి ఉన్న తలుపు బొమ్మ, అది నిత్యత్వపు ద్వారమట.

నాకు ప్రసంగ వేదిక మాత్రం ఎక్కువనిపించింది, ఎక్కడా చెయ్యెడు ఖాళీ లేకుండా బంగారు తీగలూ దేవదూతలూ. దానికంటే చెక్కడపు పని చేసిన బెంచీలే నచ్చాయి.

పెద్ద పీఠం దగ్గర ఎర్ర స్తంభాలు, క్రీస్తు రక్తానికి గుర్తు. వాటి మధ్య కింద ఉన్నాడా సంకెళ్ళ యేసయ్య. దగ్గరికి వెళ్తే తప్ప కనిపించడు. అమ్మ కాసేపు చూసి, "ఇంత బంగారం మధ్య ఆయన్నొక్కణ్ణీ ఇలా ఉంచేశారేంటమ్మా, ఒక శాలువా అయినా కప్పకూడదా" అంది. నాకైతే ఆ గుడి మొత్తంలో నటన లేనిది అదొక్కటే అనిపించింది, అతుకుల బొమ్మ అయ్యుండి కూడా. జనం పారేసినదాని చుట్టూ ఇంత కట్టారంటే ఆశ్చర్యమే, పైగా మఠానికి అప్పులు కూడా మిగిలాయట.

పీఠం వెనక నడవాలో మొక్కు తీరినవాళ్ళు పెట్టిన పలకలున్నాయి. గుణదలలో అయితే కొబ్బరికాయలు, తలనీలాలు. ఇక్కడ చిన్న చిన్న బొమ్మలు: మంచం పట్టిన మనిషి, పైన మబ్బులో యేసు. భాష రాకపోయినా అమ్మకి అన్నీ అర్థమయ్యాయి, ఒక్కొక్కటీ నాకే వివరించింది!

వెళ్ళేవాళ్ళు పూజ వేళలు ముందే చూసుకోండి, ఆ సమయంలో చుట్టూ తిరిగి చూడనివ్వరు. వీలైతే పూజకే వెళ్ళండి, బెంచీలో కూర్చుని తీరిగ్గా చూడొచ్చు.