వంకర డబుల్ బార్

మా కాలేజీ గ్రౌండులో ఒక డబుల్ బార్ ఉంది. పేరుకే ప్యారలల్ బార్స్. ఒక చివర సిమెంటు దిమ్మ కుంగి పైపులు ఎడంగా జరిగాయి. లెక్కల మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది, టేపు పెట్టి కొలిచాను. వేపచెట్టు వైపు 18 అంగుళాలు, గేటు వైపు 23.

రెండేళ్లు గేటు వైపే డిప్స్ కొట్టాను, అంటే రెండు పైపుల మీద చేతులు ఆనించి, ఒళ్లు గాల్లో ఉంచి, మోచేతులు మడిచి కిందికి దిగి మళ్లీ లేవడం. కారణం పెద్దదేం కాదు, బ్యాగు తగిలించే మేకు అక్కడుంది. జబ్బ వెనకాల ట్రైసెప్స్ పెరగాలని నా ఆశ. మర్నాడు చూస్తే ఛాతీ కింది భాగం పట్టేసి ఉండేది, జబ్బకి ఏమీ తెలిసేది కాదు. వయసనుకుని సర్దుకుపోయాను. నాకు 44.

కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్న కుర్రాడొకడు రోజూ అక్కడికి వస్తాడు. ఒకరోజు నన్ను కాసేపు చూసి, "మాస్టారూ, మీరు డిప్స్ కొడుతున్నారో, వంగి ఎవరికైనా దండం పెడుతున్నారో తెలీట్లేదండి" అన్నాడు. వేపచెట్టు వైపుకి తీసుకెళ్లి, కాళ్లు వెనక్కి మడవకుండా కిందికి వదిలేయమన్నాడు. "ఎదురుగా గోలుపోస్టు చూడండి, మోచేతులు పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్లాలండి." గేటు వైపు 12 కొట్టేవాణ్ని, అక్కడ అయిదో దానికే చేతులు వణికాయి. సాయంత్రం బోర్డు మీద రాస్తుంటే జబ్బ వెనక సలుపు. ఎంత ఆనందమో!

ఇంటికొచ్చి బొమ్మ గీసుకున్నాను. డిప్స్‌లో కాళ్లు నేలకి ఆనవు కాబట్టి దాదాపు ఒంటి బరువంతా అరచేతుల మీదే. బరువు గీత కూడా అరచేతుల మీదుగానే పోవాలి, లేదంటే ఊగిపోతాం. ఆ గీతకి ఏ కీలు ఎంత దూరముంటే ఆ కీలుని తిప్పే కండకి అంత పని. ముందుకు వంగి కాళ్లు వెనక్కి మడిస్తే భుజం గీత దాటి ముందుకి వస్తుంది, మోచేయి ఇంచుమించు మణికట్టు పైనే ఉండిపోతుంది. అప్పుడు మోసేది ఛాతీ, భుజం ముందు కండ. నిటారుగా దిగితే భుజం చేతికి దగ్గరగా ఉండి, మోచేయి వెనక్కి పోతుంది. ఇక ట్రైసెప్స్ చాకిరీ మొదలు. ఎలా దిగినా అన్నీ పనిచేస్తాయి, వాటాలే మారతాయి. పైపులు ఎడంగా ఉంటే మోచేతులు పక్కలకి తెరుచుకుంటాయి, అదీ ఛాతీకే లాభం. నేనేమో ఎడంగా ఉన్న పైపులు, వంగిన నడుము, మడిచిన కాళ్లు, మూడూ ఛాతీకే పెట్టి ట్రైసెప్స్ కోసం ఎదురుచూశాను.

పట్టు సంగతి కూడా ఆ కుర్రాడే సరిచేశాడు. నేను పైపుని వేళ్ల మొదట్లో పట్టుకునేవాణ్ని, మణికట్టు వెనక్కి విరిగేది. అరచేతి మడమ మీద, అంటే మణికట్టు పక్కనుండే దళసరి భాగం మీద పైపు ఆనించి, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకుంటే ముంజేయి తిన్నగా నిలబడింది. మణికట్టు నొప్పి వారంలో పోయింది. వాడి స్నేహితుడు అరచేతులు బయటికి తిప్పి పట్టుకుంటాడు. అలా పడితే భుజం లోపలికి మెలిపడి మోచేతులు రెక్కల్లా విచ్చుకుంటాయి. ఇరవై ఏళ్ల భుజాలవి, నావి కావు.

భుజమంటే గుర్తొచ్చింది. పోయిన వానాకాలం గ్రౌండు బురదైతే ఇంటి అరుగు మీద చేతులు వెనక్కి ఆనించి డిప్స్ చేశాను. తేలిగ్గా ఉంది కదా అని 25, 30 లాగించాను. చేతులు వీపు వెనక కదలకుండా ఉండి ఒళ్లు కిందికి దిగేకొద్దీ భుజం ముందు భాగం సాగిపోతుంది, తప్పించుకునే దారుండదు. పది రోజులకి ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తియ్యాలంటే నా పని అయిపోయేది. అరుగు మీద ఇప్పుడు కాఫీ మాత్రమే తాగుతున్నాను.

బార్ మీద కూడా జబ్బ నేలకి సమాంతరంగా వచ్చాక ఇంకా దిగను. పైన ఉన్నప్పుడు భుజాలు చెవుల దాకా లేచి మెడ తాబేలులా లోపలికి పోకుండా చూసుకుంటాను. సోమ, గురువారాలు వేపచెట్టు వైపు నిటారుగా, శనివారం గేటు వైపు కొంచెం వంగి. ట్రైసెప్స్‌లో మూడు పాయలున్నాయి. పొడుగు పాయ రెక్క ఎముక దగ్గర పుడుతుంది, డిప్స్‌లో చెయ్యి వెనక్కి పోయేసరికి అది ముందే కుదించుకుని ఉంటుంది, అంత గట్టిగా లాగలేదు. దానికి విడిగా తల వెనక డంబెల్ ఎత్తుతున్నాను.

మొన్న మా కాలేజీ ఆటల మాస్టారు పీడీ గారు, సెలవుల్లో డబుల్ బార్ తవ్వించి తిన్నగా నిలబెట్టిస్తానన్నారు. వద్దండీ బాబూ, దాన్నలాగే ఉండనివ్వండి అన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు.