340 ఫిల్టర్ దగ్గర ఇరుక్కున్న సెమీ ఆటో ఎనలైజర్: నా అనుభవం

రక్త పరీక్షలు చేసే మా సెమీ ఆటో ఎనలైజర్‌కు బల్బు మార్చాక బయటపడ్డ సమస్య నిన్న సాయంత్రమే తేలింది. అంకెలు గుర్తుండగానే రాస్తున్నాను. ఫిల్టర్లతో నడిచే ఏ ఫోటోమీటర్‌కైనా (ద్రావణం ఎంత కాంతిని ఆపుతుందో కొలిచే యంత్రం) ఈ తెగులు రావచ్చు. 340 అంటే 340 నానోమీటర్ల కాంతి, కంటికి కనిపించదు; దాన్ని వేరుచేసి పంపేదే 340 ఫిల్టర్.

బల్బు మార్చడం సులువే. హాలోజన్ బల్బు గాజును చేత్తో తాకకుండా టిష్యూతో పట్టుకుని బిగించాలి, వేలి జిడ్డు అంటితే వేడికి గాజు పాడవుతుంది. 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, డిస్టిల్డ్ వాటర్‌తో బ్లాంక్ (సున్నా రీడింగ్) పెట్టాను. 505 నానోమీటర్ల దగ్గర గ్లూకోజ్, 546 దగ్గర టోటల్ ప్రోటీన్ కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన శాంపిళ్లు) మొదటిసారే రేంజిలో వచ్చాయి.

340 మీద చదివే ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్ పరీక్ష) దగ్గరే బండి ఆగిపోయింది. 98 రావాల్సిన కంట్రోల్ 61 చూపించింది. మళ్లీ చేసినా 61, 60, 62. ఫ్లో సెల్‌లో (మెషిన్ శాంపిల్‌ను పీల్చి చదివే చిన్న గది) గాలిబుడగ ఉంటే రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది కానీ ఇలా నిలకడగా తగ్గదు. కాబట్టి బుడగ కాదు.

సర్వీస్ ఇంజనీర్ ఫోన్లోనే తేల్చేశాడు: "రీఏజెంట్ పోయిందండీ, లాట్ మార్చండి." రీఏజెంట్ (పరీక్షకు కలిపే ద్రావణం) వేరే బ్యాచ్‌ది మార్చాను, 62 వచ్చింది. "అయితే టెంపరేచర్ 37 లేదేమో" అన్నాడు. చివరికి, "యూరియా కూడా 340 మీదే చేస్తున్నారు కదా, అది కరెక్టుగానే వస్తోందిగా, ఫిల్టర్‌కేమీ కాలేదు" అని ఫోన్ పెట్టేశాడు. ఈ ఆఖరి మాట నన్ను రెండు రోజులు తప్పుదారి పట్టించింది. వినడానికి సబబుగా ఉంది కానీ పూర్తిగా తప్పు.

ఎందుకంటే యూరియాను స్టాండర్డ్‌తో (యూరియా ఎంతుందో తెలిసిన ద్రావణం) పోల్చి లెక్కకడతాం. మెషిన్ తక్కువ చదివితే స్టాండర్డ్‌నూ శాంపిల్‌నూ ఒకే పాళ్లలో తక్కువ చదువుతుంది, భాగహారంలో తప్పు కొట్టుకుపోతుంది. ఎస్‌జీపీటీకి స్టాండర్డ్ ఉండదు, ఫ్యాక్టరే ఆధారం; నిమిషానికి ఓడీ (ద్రావణం ఎంత కాంతిని ఆపిందో చెప్పే అంకె) ఎంత పడిందో దాన్ని ఈ స్థిర అంకెతో గుణిస్తాం. 1000 మైక్రోలీటర్ల రీఏజెంట్, 100 మైక్రోలీటర్ల సీరం, 1 సెంటీమీటర్ కాంతి దారి అయితే 11ని (మొత్తం 1100ని సీరం 100తో భాగిస్తే) 1000తో గుణించి, ఎన్‌ఏడీహెచ్ (340 కాంతిని పీల్చుకుంటూ ఈ రియాక్షన్‌లో ఖర్చయ్యే పదార్థం) విలువ 6.22తో భాగిస్తే 1768. మెషిన్ ఓడీని నిజంగా చదువుతుందని నమ్మి వాడే అంకె ఇది. మెషిన్‌లో లోపముంటే స్టాండర్డ్ పరీక్షలు దాన్ని కప్పేస్తాయి, ఫ్యాక్టర్ పరీక్షలు బయటపెడతాయి.

టెంపరేచర్ అనుమానం తీర్చుకోవడానికి 340 కాంతిని పీల్చుకునే పొటాషియం డైక్రోమేట్ (నారింజ రంగు లవణం) చాలు. అందులో రియాక్షన్ ఏమీ జరగదు కాబట్టి రెండు డిగ్రీల తేడాకు ఓడీ చెప్పుకోదగ్గంతగా మారదు. 0.005 మోలార్ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో లీటరుకు 200 మిల్లీగ్రాములు కలిపాను. దాన్ని అదే ఆసిడ్‌తో 50, 100, 150కి పలచన చేశాను. నీళ్లతో చేస్తే ఆమ్లత మారి రంగు కూడా మారుతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఫ్లో సెల్ పక్కనపెట్టి, మూత మూసి, 1 సెంటీమీటర్ క్యువెట్‌లో (ద్రావణం పోసే చిన్న పాత్ర) చదివితే 0.435, 0.845, 1.198, 1.454 వచ్చాయి. మొదటిదానికి నాలుగు రెట్లంటే 1.74 రావాలి. పైకి పోయేకొద్దీ గీత వంగిపోతోంది.

ఇలా వంగడం స్ట్రే లైట్ (340 కాకుండా ఫిల్టర్ దాటి వచ్చే దొంగ వెలుతురు) లక్షణం. దాన్ని నేరుగా కొలవడానికి 5 గ్రాముల సోడియం నైట్రైట్‌ను నీటిలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేశాను. ఈ ద్రావణం 340 దగ్గర కాంతిని దాదాపు మొత్తం ఆపేసి, కంటికి కనిపించే కాంతిని వదిలేస్తుంది. ఫిల్టర్ మంచిదైతే ఓడీ మెషిన్ పైహద్దు దగ్గరికి పోవాలి. నాకు 1.71 దగ్గర ఆగింది. అంటే సుమారు 2 శాతం దొంగ వెలుతురు. ఈ నైట్రైట్‌ను డైక్రోమేట్ ఆసిడ్ ఉన్న వేస్ట్ సీసాలో పోయకండి, విషవాయువు వస్తుంది.

ఆ 2 శాతం ఎంత పని చేస్తుందో లెక్క చూడండి. నిజంగా 0.2 ఉన్న ఓడీ 0.195గా కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. 1.0 అయితే 0.93, 1.5 అయితే 1.30. ఎస్‌జీపీటీ రీఏజెంట్ మొదలయ్యేదే 1.5 ప్రాంతంలో. అక్కడ నిమిషానికి ఓడీ ఎంత పడుతోందో చూస్తే నిజమైన పతనంలో 61 శాతమే కనిపిస్తుంది. నా 98 కంట్రోల్ 61 ఎందుకయిందో అక్కడ తెలిసింది.

కంట్రోల్ రాలేదని ఫ్యాక్టర్‌ను 2800కో 2900కో పెంచేసి రిపోర్టులు ఇచ్చేవాళ్లున్నారు. అది పేషెంట్‌కు ద్రోహం, అంతకంటే మెత్తగా చెప్పలేను. పైగా ఆ అంకె నిలవదు కూడా. కలిపిన రీఏజెంట్ పాతబడి మొదటి ఓడీ 1.0కి దిగితే తప్పు 39 శాతం నుంచి 17కి తగ్గుతుంది. అప్పుడు మీరు పెంచిన ఫ్యాక్టర్ మామూలు లివర్‌ను జబ్బు లివర్‌గా చూపిస్తుంది.

ఫిల్టర్ ఊడదీసి బల్బుకు అడ్డంగా పట్టుకుంటే అంచు నుంచి లోపలికి మచ్చలు పాకి కనిపించాయి. తేమ పొరల్లోకి దిగితే ఇలాగే అవుతుంది. హాలోజన్ బల్బులో 340 కాంతి చాలా తక్కువ, కనిపించే కాంతి బోలెడు, డిటెక్టర్‌కు కూడా కనిపించే కాంతి మీదే మక్కువ. అందుకే ఆ పొర కాస్త చెదిరినా ముందు దెబ్బతినేది 340.

కొత్త ఫిల్టర్ వేశాక డైక్రోమేట్ 0.449, 0.895, 1.335, 1.759. నైట్రైట్ 2.8. కంట్రోల్ 94, రేంజిలోనే ఉంది. స్పేర్ ఫిల్టర్‌ను సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాను. నైట్రైట్ చెక్‌ను మూడు నెలలకోసారి, బల్బు మార్చిన ప్రతిసారీ చేసేలా రిజిస్టర్‌లో గళ్లు గీశాను.