మా తొమ్మిదో క్లాసులో సొంత ల్యాప్‌టాప్‌ల గోల

మా ల్యాబ్‌లో 14 కంప్యూటర్లు ఉండేవి. ఉండేవి అనే అనాలి, ఎందుకంటే ఈ జూన్‌లో బడి తెరిచాక స్విచ్చులేసి చూస్తే లేచినవి ఆరే. కొన్నిటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా పోయింది, రెండిట్లో ఎలకలు కాపరం పెట్టేశాయి, ఒకటైతే బీప్ బీప్ అంటా కొట్టుకుంటది గానీ స్క్రీన్ మీద బొమ్మ రాదు. సముద్రం దగ్గర కదా, మా రాజోలు వైపు ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పట్టేస్తాయి, ఇంక మదర్‌బోర్డులెంత. క్లాసులో 38 మంది పిల్లలు, పీరియడ్ 40 నిమిషాలు, సీబీఎస్ఈ ఏఐ సబ్జెక్ట్, కోడ్ 417, అందులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఆరు మెషీన్ల మీద 38 మందికి పైథాన్ ఎలా నేర్పాలో మీరే చెప్పండి.

కరస్పాండెంట్ గారిని అడిగితే "వచ్చే ఏడు చూద్దాం మేష్టారూ" అన్నారు, ఈ మాట వినడం నాకిది నాలుగో ఏడు. మళ్ళీ ఆయనే, ఇంట్లో ఉన్నవాళ్ళని తెచ్చుకోమనండి, బలవంతం మాత్రం వద్దు, కొత్తవి కొనమని అస్సలు చెప్పొద్దు అన్నారు. ఆ చివరి మాట మాత్రం బాగా చెప్పారు.

పేరెంట్స్ మీటింగ్‌లో చెప్తే ఒక రొయ్యల చెరువులాయన వెంటనే "ఎంతలో కొనమంటారండీ, లక్షలో వస్తదా" అన్నారు. వద్దండీ కొనొద్దు అని చెప్తున్నా వినరే. ఇంకొకాయన "ఫోను తెత్తే లాక్కుంటారు, ల్యాప్‌టాపు మాత్రం తెచ్చుకోమంటారు, ఇదేం లెక్కండీ" అన్నారు, నిజమే, నా దగ్గర గట్టి జవాబేం లేదు, ఫోన్లో ప్రోగ్రాం టైప్ చేయలేరండి అని ఏదో చెప్పి బయటపడ్డాను. గోదావరి మధ్య లంక ఊళ్ళోంచి వచ్చే ఒకావిడ మాత్రం మెల్లిగా "మావోడు వరదల్లో పడవ మీద రావాలి కదండీ, నీళ్ళలో పడిపోతేనో" అంది. దానికి కూడా నా దగ్గర జవాబు లేదు.

మొదటి వారం 21 వచ్చాయి. నేను ఐదో ఆరో అనుకున్నాను. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న అన్నయ్యలు అక్కయ్యలు కొత్తది కొనుక్కుని పాతది ఇంటికి పంపేశారన్నమాట, కోనసీమలో ప్రతి రెండో ఇంట్లో బీరువా మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉందని నాకు అప్పుడే తెలిసింది. సగం వాటికి బ్యాటరీ చచ్చిపోయింది, ప్లగ్ పీకితే టక్కున ఆగిపోతాయి. అంటే అందరికీ ప్లగ్గు కావాలి. క్లాసులో ఉన్నది బ్లాక్‌బోర్డు పక్కన ఒకే ఒక్క సాకెట్టు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, వైర్లు బెంచీల కింద పాముల్లా పరిచి, హమ్మయ్య అనుకున్నాను. పావుగంట బాగానే నడిచింది, తర్వాత టప్‌మని కరెంటు పోయింది. మా గదికే. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు, ఎంసీబీ, పడిపోయింది. లేపితే కాసేపటికి మళ్ళీ పడింది.

సరే ఇదే పాఠం అనుకుని బోర్డు మీద లెక్క వేయించాను. ఛార్జర్ ఒక్కోటి 65 వాట్లు, 21 అంటే 1365. ఫ్యాన్లు ఐదు, 75 చొప్పున 375. ట్యూబులైట్లు నాలుగు, 160. మొత్తం 1900 వాట్లు, దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 8 ఆంపియర్ల పైచిలుకు. ఎంసీబీ మీద రాసింది 6. మరి వెంటనే ఎందుకు పడలేదు సార్ అని ఒకమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. లోడు కొంచెం ఎక్కువైతే లోపలున్న రేకు మెల్లిగా వేడెక్కి వంగి అప్పుడు పడగొడుతుంది, షార్ట్ అయితేనే క్షణంలో పడేది. పదో క్లాసు ఫిజిక్సు తొమ్మిదిలోనే వచ్చేసింది. ఇంతలో చెరువులాయన అబ్బాయి వాళ్ళ నాన్న కొననే కొనేసిన గేమింగ్ ల్యాప్‌టాప్ ఛార్జర్ తిప్పి చూసి "సార్ నాది 230 వాట్లండి" అన్నాడు. ఒక్కడే ముగ్గురి కరెంటు పైనే తాగుతున్నాడు! అప్పట్నుంచీ వాడి పేరు మోటారు.

వైఫై సంగతి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటే ఇప్పటికీ బీపీ వస్తది. నెలల తరబడి బీరువా మీద పడుకున్న విండోసులు అన్నీ ఒకేసారి లేచి అప్‌డేట్లు లాగడం మొదలెట్టాయి, ఆఫీసులో ఫీజు రసీదు కూడా రాలేదంట. మర్నాటి నుంచి నెట్టు లేదు, పెన్‌డ్రైవే. ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 ఉంది, కొత్త పైథాన్ ఎక్కనంది, ఎక్కదు, విండోస్ 7 మీద పనిచేసే ఆఖరి వెర్షన్ 3.8. అదే వేశాను, తొమ్మిదో క్లాసుకి అది చాలు.

మోటారుగాడి దగ్గర ఇంకో తమాషా. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు ఉన్నాయి గానీ నిన్న రాసిన ఫైలు ఎక్కడుందో చెప్పలేడు. డెస్క్‌టాప్ మీదే పెట్టానండి అంటాడు, అది నెట్టులో ఫైళ్ళు దాచే వన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి కూర్చుంది, ఇక్కడ నెట్టు లేదు. ఫోల్డరంటే ఏంటో వాడికి తెలీదు, పాపం ఎప్పుడూ అవసరం రాలేదు.

దానికి పూర్తి ఎదురు కొబ్బరిపీచు షెడ్డు వాళ్ళబ్బాయి. వాళ్ళక్క ఇంజినీరింగ్‌లో వాడిన ల్యాప్‌టాప్ తెచ్చాడు, పది నిమిషాలకి ఇస్త్రీపెట్టెలా కాలిపోయి ఆగిపోతాంది. సాయంత్రం స్క్రూడ్రైవర్ పెట్టి అడుగు మూత తీశాను. ఫ్యాను కనపడితే ఒట్టు. దాని చుట్టూ గోధుమరంగులో మెత్తగా ఒక చాపలా పట్టేసింది, గోరుతో లాగితే ముక్క ముక్కంతా ఒకేసారి ఊడి వచ్చింది, వాసన చూస్తే పీచు. "షెడ్లో కూర్చుని చదువుకుంటానండి, అక్కడైతే చల్లగా ఉంటదండి" అన్నాడు. పాత టూత్‌బ్రష్షుతో వాడిచేతే తోమించాను, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది రాశాం. స్విచ్ వేసి మూత మీద చెయ్యి పెట్టి పావుగంట అలాగే కూర్చున్నాడు, జ్వరం చూసినట్టు. ఆగలేదు. దసరా లోపు వాడు ఇంకో ఏడు ల్యాప్‌టాప్‌లు విప్పాడు. ర్యామ్ ఎక్కడుంటదో, హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెడితే ముసలి మెషీన్ ఎందుకు లేచి పరిగెడుతుందో వాడు చెప్తే మిగతా పిల్లలకి నాకన్నా బాగా ఎక్కింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్టు ఆగిపోయింది కదా, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో జనరేషన్ కన్నా పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, మా దగ్గరున్నవి ఎక్కువ అవే. ఇప్పుడు వాడు వాటికి ఒక్కోటిగా విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తున్నాడు. వాళ్ళక్క ఒప్పుకుందో లేదో నేను అడగలేదు.

అసలు బాధ ల్యాప్‌టాప్ లేని 17 మందిది. ల్యాబ్‌లో ఆరుగురు పోగా మిగిలినవాళ్ళని పక్కన కూర్చోబెట్టాను. వారం చూశాను, ల్యాప్‌టాప్ ఎవరిదో చేతులు వాళ్ళవే, పక్కనోళ్ళు తొంగి చూడ్డమే, సర్కస్ చూసినట్టు. అందుకని రూలు పెట్టాను, మొదటి 20 నిమిషాలు పక్కనోళ్ళే టైప్ చేయాలి, సొంతదారు చేతులు కట్టుకుని నోటితో చెప్పాలి. అబ్బో, మెల్లిగా కొట్టవే, కీ ఊడిపోద్ది, అది మా అన్నయ్యదీ అని ఒకటే గోల. గోల పడితే పడ్డారు గానీ రూలు మార్చలేదు. 2022 డిసెంబర్‌లో గవర్నమెంట్ బళ్ళల్లో ఎనిమిదో క్లాసు పిల్లలకి ట్యాబులు ఇచ్చినప్పుడు మా ప్రైవేటు పిల్లలు కుళ్ళుకున్నారు, అక్కడ కనీసం అందరికీ ఒకటే రకం వచ్చింది, ఇక్కడ ఎవరి ఇల్లు ఎలాంటిదో బెంచీ మీదే కనపడిపోతాంది. ఇది నాకు ఇప్పటికీ నచ్చదు.

అలా పక్కనుంచి టైప్ చేసిన అమ్మాయే, రెండు తోటల్లో దిగిన కొబ్బరికాయలు కలిపి వెయ్యి కాయలకి ఇంత అనే రేటుతో డబ్బు లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది. ఒక తోట 800, ఇంకోటి 650. మొత్తం చూపించమంటే 800650 అని వచ్చింది. "ఎనిమిది లక్షల కాయలే! అంబాజీపేట కొబ్బరి మార్కెట్ మొత్తం కొనేయొచ్చే" అని క్లాసంతా ఒకటే నవ్వు. నేను చెప్పబోతే ఆగండి సార్ అంది, రెండు నిమిషాలు స్క్రీన్ కేసి చూసి "ఇది కలపలేదండి, పక్కపక్కన అతికించిందండి" అంది. అంతే కదా, మనం టైప్ చేసి ఇచ్చిన ఇన్‌పుట్‌ని పైథాన్ అక్షరాలుగా తీసుకుంటది, ఇంట్ (int) అని చెప్తేనే అంకె అవుద్ది. ఆ రోజు నేను నోరు మూసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

లంక అబ్బాయి ల్యాప్‌టాప్‌ని రొయ్యల మేత సంచిలో చుట్టి, మూతి తాడుతో బిగించి, పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. గోదావరి పెరిగి కాజ్‌వే మునిగినప్పుడు వాళ్ళమ్మ మాట గుర్తొచ్చి, నీళ్ళు తీసేదాకా ఇక్కడే పెట్టరా అని స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టి తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. అది చూసి ఇంకో ముగ్గురు పెట్టారు. ఆ పది రోజులూ వానకి స్టాఫ్‌రూమ్ కారుతుందేమోనని ఆదివారం కూడా ఒకసారి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి, మా ఆవిడ నవ్వేది. నీళ్ళు తీశాక వాడొచ్చాడు, సంచి విప్పాం, పొడిగా ఉంది, ప్లగ్ పెట్టాం, లేచింది. వాడు కీబోర్డు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఏరా?"

"ఆయ్... పాస్‌వర్డ్ మర్చిపోయానండి."