చేప ఒకటే, ఈత వేరు

మా వాడికి పదమూడేళ్ళు. పుట్టింది, పెరుగుతున్నది న్యూజెర్సీలో. ఆ జూలైలో సఖినేటిపల్లి దగ్గర మా పుట్టింటికి వెళ్ళినప్పుడు, పుట్టినరోజుకని మా నాన్న వాడి చేతిలో అయిదు వేలు పెట్టారు. వాడు నోట్లు లెక్కపెట్టుకుని, ఫోన్‌లో డాలర్లలోకి మార్చి చూసి, "అమ్మా, ఇది ఆల్‌మోస్ట్ గేమ్ ప్రైస్!" అన్నాడు. మా ఇద్దరి వాదన అక్కడ మొదలైంది.

వాడికి కావలసిన వీడియో ఆట 'హైరూల్ వారియర్స్: ఏజ్ ఆఫ్ కెలామిటీ'. జెల్డా అనే ఆటల వరసలో 2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' వాడికి ప్రాణం. అందులో కథ మొదలయ్యేసరికే రాజ్యం పాడుబడి నూరేళ్ళవుతుంది. ఆ నూరేళ్ళ కిందటి యుద్ధం చూపిస్తామంటూ 2020 నవంబరులో వచ్చిన పిల్ల ఆట ఇది, అంటే ఆ తల్లి ఆట నుంచి పుట్టినది. తల్లి ఆట చేసినవాళ్ళు కాదు, కోయీ టెక్మోలోని ఒమేగా ఫోర్స్ బృందం దీన్ని తయారుచేసింది. ధర మాత్రం తల్లికెంతో పిల్లకీ అంతే, 59.99 డాలర్లు.

నాకు అది మింగుడు పడలేదు. అవే మనుషులు, అవే కొండలు, అదే కత్తి. మారిందల్లా కొట్లాడే పద్ధతి. దానికి నిండు ధర ఎందుకివ్వాలి? వేరేవాళ్ళు తగ్గించి అమ్మలేదా? 2020లోనే వచ్చిన స్పైడర్‌మ్యాన్ పిల్ల ఆట 'మైల్స్ మొరాలెస్' 49.99కి ఇచ్చారు. 2017లో 'అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ' 39.99కే ఇచ్చారు. ఈ రెండోది నాకు బాగా గుర్తు. పెద్ద ఆటకి అదనపు కథగా మొదలై, పెరిగి పెద్దదై, విడి ఆటగా బయటికొచ్చింది. కథంతా మన పడమటి కనుమల్లో, హోయసల శిథిలాల మధ్య నడుస్తుంది. నాయిక క్లోయీ సగం భారతీయురాలు. మా వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. రాతిలో చెక్కిన వినాయకుడు కనపడగానే ఆట ఆపేసి, "అమ్మా, ఇది మనదే కదా?" అన్నాడు. ఆ 'మనదే' అన్న మాట వాడి నోట వినడానికి నేను ఎన్ని ఆదివారాలు గుడికి తిప్పానో! నలభై డాలర్లకి అంత ఇచ్చినవాళ్ళు ఉన్నారని తెలిశాక అరవై అంటే చెయ్యి ముందుకి రాదు.

పైగా అది తాతగారు ఇచ్చిన డబ్బు. దాంతో ఇక్కడిది ఏదైనా కొనుక్కోవాలని నాకుంది. వాడికి ఆ మాట చెప్పలేదు. ధర గురించే మాట్లాడాను. అదీ తప్పే.

నాన్న మా ఇద్దరి మాటా విని, "వరదనీరు వచ్చింది, రేపు రేవుకి పోదాం, పులస తిన్నాక మాట్లాడుకోవచ్చు" అన్నారు.

పొద్దున్నే వెళ్ళాం. వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. అవతల నరసాపురం నుంచి పంటు మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ వేసుకుని నెమ్మదిగా వస్తోంది. ఒడ్డున చేపలావిడ గోనెపట్టా తీసి చూపించింది. ఒకే ఒక్క చేప, కిలో మీద కాస్త ఎక్కువుంటుంది. వెండిలా మెరుస్తోంది, వీపు మీద లేత పసిమి. నాన్న మొప్ప ఎత్తి చూశారు, పొట్ట మీద వేలితో నొక్కారు. "ఎంతమ్మా?" అంటే, "పన్నెండు వేలండి. ఆయ్, తెల్లారగట్ల పడిందండి, ఐసు కూడా తగల్లేదండి" అంది.

మా వాడు నోరు తెరిచేశాడు. నిన్న అరవై డాలర్లకి నేను పెట్టిన రభస గుర్తుందేమో, నా వంక ఓసారి చూశాడు.

నాన్న బేరం ఆడి తొమ్మిదిన్నరకి తెచ్చారు. మనవడు వదల్లేదు. "తాతయ్యా, మొన్న మార్కెట్లో సేమ్ చేప తక్కువకి ఉంది కదా?"

"అది ఇలసరా. సముద్రంలో పట్టింది. ఇదీ సముద్రంలోదే. వరద రాగానే గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి ఎదురీదుతుంది. ఈ నీళ్ళలో ఈదేకొద్దీ దాని రుచి మారుతుంది. అప్పుడు పులస అంటాం. చేప ఒకటే, ఈత వేరు. ఆ ఈతకే డబ్బులు."

"మరి ఈదకుండానే ఈదింది అని అమ్మితే?"

"అమ్ముతారు. బయట నుంచి ఐసులో వచ్చిన ఇలసని పులసని చెప్పి అంటగడతారు. అందుకే మొప్ప ఎత్తి చూసేది."

పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఎందుకు అమ్ముకోవాలో ఎప్పుడూ అడగలేదు. మా వాడు అడిగాడు.

అమ్మ ఆ సాయంత్రం మట్టి దాకలో, పొయ్యి మీద, బెండకాయలు వేసి, పైన ఆవకాయ నూనె పోసి పులుసు పెట్టింది. ఆ రాత్రి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మర్నాడు తింటేనే దాని రుచి. ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్నప్పుడు మా వాడికి పాత క్యాలెండరు కాగితం ఒకటిచ్చి, "నీ ఆట ఎంత ఈదిందో రాయి" అన్నాను.

వాడు నిజాయితీగా రాశాడు. ఈదనివి ఒకవైపు: ఊళ్ళు, రాక్షసులు, ఆయుధాలు చాలావరకు పాతవే. ఇద్దరు కలిసి ఆడితే తెర మీది బొమ్మ తడబడుతుందని వచ్చినప్పుడే సమీక్షల్లో రాశారట, అదీ రాశాడు. ఈదినవి ఇంకోవైపు: తల్లి ఆటలో కథానాయకుడు లింక్ ఒక్కడిగానే ఆడాలి, ఇందులో రాకుమారి జెల్డాగా ఆడొచ్చు, ఆ పాత యుద్ధంలో కన్నుమూసిన నలుగురు వీరులుగా ఆడొచ్చు. మీఫా, డారుక్, రెవాలీ, ఉర్బోసా. అక్కడ నలుగురైదుగురితో జాగ్రత్తగా తలపడాలి, ఇక్కడ వందలమంది మీద విరుచుకుపడాలి. విడుదలకి ముందు ఉచితంగా ఇచ్చిన డెమోలో ఆడినంతా అసలు ఆటలోకి వచ్చేస్తుందని కింద గీత గీసి మరీ రాశాడు. ఆ డెమో వాడు ఇంట్లో ఆడి ఉన్నాడు. అంటే మొప్ప ఎత్తి చూసే వచ్చాడు.

చివర్లో మళ్ళీ ఈదనివాటి వైపు ఒకటి చేర్చాడు: "ఎండింగ్ చీటింగ్." ఓ బుల్లి యంత్రం కాలంలో వెనక్కి వచ్చి కథ మార్చేస్తుంది, చనిపోవలసిన నలుగురూ బతుకుతారు. వాడికి అది మోసం. "అసలేం జరిగిందో చెప్తామన్నారు, చెప్పలేదు. అది రియల్ స్టోరీ కాదు."

నాన్న ఆ మాటకి కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. "శశిరేఖ కథ చెప్పానా నీకు? అభిమన్యుడు, శశిరేఖ, ఘటోత్కచుడి మాయలు. అది వ్యాసుడు రాయలేదు. భారతంలో అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్ళి. పదహారేళ్ళకే పద్మవ్యూహంలో చచ్చిపోతాడు. మనవాళ్ళకి మనసొప్పలేదు. ఆ పిల్లాడికి ఓ ప్రేమ, ఓ పెళ్ళి, ఇంటినిండా నవ్వులు పెట్టారు. నా చిన్నప్పుడు ఆ నాటకం చూడ్డానికి పడవెక్కి వెళ్ళి, తెల్లారేదాకా కూర్చునేవాళ్ళం. టిక్కెట్టు కొనేటప్పుడు ఇది భారతంలో ఉందా అని ఎవరూ అడగలేదు."

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ వాక్యాన్ని కొట్టేశాడు. నాకైతే ఇప్పటికీ సగం మనసే ఒప్పుకుంది. శశిరేఖ కథ ఇదీ భారతమేనని చెప్పి అమ్మలేదు, ఈ ఆట పాత కథ చూపిస్తానని ముందే మాటిచ్చింది. ఆ తేడా పెద్దదే.

పులుసు తిన్నాం. వాడికి ముళ్ళు తీసి పెట్టడానికి అమ్మకి గంట పట్టింది. తర్వాత ఆట కొనుక్కోమన్నాను. రాత్రంతా డౌన్‌లోడ్ అయింది.

ఆ ధరకి అది తగునని నాకు తేలింది రెండు రోజుల తర్వాత. మా అన్నయ్య కొడుకు, మా వాడికి బావ, నరసాపురంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి ఇంగ్లీషు మాట్లాడాలంటే మొహమాటం, మా వాడికి తెలుగులో మూడు ముక్కలు దాటితే తడబాటు. వచ్చిన మొదటి వారం ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకుని ఒకే మంచం మీద కూర్చున్నారు. తల్లి ఆట ఒక్కరే ఆడేది. మా వాడు దాన్ని వందల గంటలు ఒక్కడే ఆడాడు, మా ఇంటి కింది గదిలో, తలుపేసుకుని. ఈ పిల్ల ఆటలో తెర రెండుగా చీలుతుంది, ఇద్దరు ఆడొచ్చు.

వంటింట్లో నాకు వాళ్ళ కేకలు వినిపించేవి. "బావా, వెనకాల! వెనకాల!" "ఆగరా, నేను చూసుకుంటా, నువ్వు కోట దగ్గరకి పో!" ఎంతమంది పడ్డారో తెర మీద లెక్క నడుస్తుంది. బావ దాన్ని తెలుగులో చదివేవాడు. ఇరవై దాటితే తెలుగు అంకెలు రాని నా కొడుకు నాలుగో రోజుకి "తొమ్మిది వందల ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది" అని అరుస్తుంటే, నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. బొమ్మ నిజంగానే తడబడింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఎవరైనా నన్నడిగితే ఇదే చెబుతాను: ఒక్కడే ఆడే పిల్లాడైతే ఆగండి, ధర తగ్గినప్పుడో సెకండ్ హ్యాండ్‌లో దొరికినప్పుడో చూడండి. పక్కన ఇంకొకరు కూర్చునే వీలుంటే నిండు ధర ఇవ్వొచ్చు. నేనిచ్చాను, మళ్ళీ అయినా ఇస్తాను.

ఒక చిక్కుంది. ఈ ఆటని ఇద్దరూ ఒకే చోట కూర్చుని ఆడాలి, ఆన్‌లైన్‌లో కలిసి ఆడటం కుదరదు. ఆగస్టు ఆఖర్లో వచ్చేశాం. అప్పటి నుంచీ మా వాడు దాన్ని తెరవలేదు. ఎందుకురా అంటే, "బావ లేకుండా ముందుకెళ్తే వాడికి స్టోరీ మిస్ అవుతుంది" అన్నాడు. కోట ముట్టడి సగంలో ఆగి ఉంది. రాబోయే వేసవికి టిక్కెట్లు ఎప్పుడు కొంటావని వారానికోసారి అడుగుతున్నాడు.