అమ్మ మోకాళ్ళ నొప్పితో యార్క్ ఎలా తిరిగామంటే

పోయిన జులైలో అమ్మ, బాపు హనుమకొండ నుంచి వచ్చినప్పుడు ఒక శనాదివారం ఇంగ్లండ్‌లోని యార్క్ తీసుకెళ్ళా. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, పది నిమిషాలు నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సిందే, యార్క్ ఏమో నడిచి చూసే ఊరు, చుట్టూ కోటగోడ, లోపలన్నీ సందులు. అందుకే మొత్తం టాక్సీల మీదే ప్లాన్ చేసుకున్నా. ఇలా పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి ట్రైన్‌లో రెండు గంటలు. పాసెంజర్ అసిస్టెన్స్ ముందురోజే బుక్ చేసి పెట్టా, డబ్బులేం తీసుకోరు, వీల్‌చెయిర్‌లో ప్లాట్‌ఫాం దాకా తీసుకెళ్ళి ర్యాంప్ వేసి ఎక్కించారు, దిగేటప్పుడు కూడా మనిషి రెడీగా ఉన్నాడు. ఇది తప్పకుండా చేసుకోండి.

స్టేషన్ బయటికి రాగానే ఒక టాక్సీ ఖాళీగా కనిపించింది, వెళ్ళి అడిగితే డ్రైవర్ "బుకింగ్ ఉందా" అన్నాడు, లేదన్నా, అయితే ఎక్కించుకోకూడదు అన్నాడు. బాపుకి అర్థం కాలేదు, ఖాళీగానే ఉంది కదరా అని. విషయం ఏంటంటే ఇక్కడ టాక్సీలు రెండు రకాలు. హాక్నీ క్యారేజ్ అనేవి నెత్తిన టాక్సీ లైట్ ఉండేవి, స్టాండ్‌లో ఎక్కొచ్చు, రోడ్డు మీద చెయ్యెత్తి ఆపొచ్చు, మీటర్ రేటు కౌన్సిల్ పెడుతుంది. రెండోది ప్రైవేట్ హైర్, అంటే మినీక్యాబ్, ఇది ఫోన్‌లోనో యాప్‌లోనో ముందు బుక్ చేస్తేనే ఎక్కాలి, ఊరికే ఎక్కితే ఆ ప్రయాణానికి ఇన్సూరెన్స్ కూడా వర్తించదు. కాబట్టి ఆ డ్రైవర్ చేసింది కరెక్టే. స్టాండ్‌లో లైన్‌లో నిలబడితే ర్యాంప్ ఉన్న క్యాబ్ వచ్చింది, అమ్మ మెల్లగా ఎక్కింది. వీల్‌చెయిర్‌తో ఉన్నా సరే ఎక్స్‌ట్రా తీసుకోకూడదని ఇక్కడ చట్టమే ఉంది.

ఇంకోటి, ఊరి మధ్యలో చాలా వీధుల్లోకి పొద్దున 10:30 దాటాక బండ్లు రానివ్వరు. షాంబుల్స్ అని పాత కసాయి కొట్ల సందు ఉంటుంది, పై అంతస్తులు రోడ్డు మీదికి ఒరిగి ఉంటాయి, అక్కడికైతే టాక్సీ మాట మర్చిపోండి. కానీ మిన్‌స్టర్ చర్చికి డంకూంబ్ ప్లేస్ దాకా బండి వస్తుంది, అక్కడ దిగితే చర్చి ఎదురుగానే. "మిన్‌స్టర్‌కి పోనీ" అనకుండా ఎక్కడ దిగాలో పేరు చెప్పి అడిగితే మంచిది.

మిన్‌స్టర్ గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడున్న కట్టడం 1220ల్లో మొదలుపెడితే 1472కి గానీ పూర్తవలేదట. నేను ఆ ముక్క చదివి చెప్తే అమ్మ వెంటనే "మన రామప్ప గుడి కాలమేనా బిడ్డా" అంది. రామప్ప 1213, నిజంగానే పక్కపక్క కాలం, నాకు అసలు తట్టలేదు. తూర్పు వైపు రంగు అద్దాల కిటికీ ఉంది, దాదాపు టెన్నిస్ కోర్టు అంత, జాన్ థార్న్‌టన్ అనే ఆయన 1405లో మొదలుపెట్టి 1408 కల్లా పూర్తి చేశాడు, ఆయనకి ముట్టింది మొత్తం 56 పౌండ్లు. సృష్టి మొదలు నుంచి ప్రళయం దాకా బొమ్మలే. దాని ముందు కుర్చీలో అమ్మ ముప్పావు గంట కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ఒక్కదాని కోసమైనా అమ్మని మళ్ళీ తీసుకెళ్తా.

ఇబ్బంది పడింది సాయంత్రం. మిక్లగేట్ బార్ అనే కోటగోడ ద్వారం దగ్గర ఇండియన్ హోటల్‌లో తిని బయటికొస్తే ఒక్క టాక్సీ లేదు, ఆ రోజు గుర్రప్పందాలట, ఊరంతా సూట్లు, టోపీలు, జనమంతా రోడ్డు మీదే. మినీక్యాబ్‌కి ఫోన్ చేసి "పెద్ద రాతి గేట్ దగ్గర ఉన్నాం, మిక్లగేట్" అన్నా. బండి వచ్చింది కానీ వీధి అటు చివర, నది దగ్గర ఆగింది. ఎందుకంటే ఈ ఊళ్ళో గేట్ అంటే వీధి, వైకింగుల భాషలో గాటా అన్న మాట నుంచి వచ్చింది, అసలు గేట్‌ని బార్ అంటారు. నేను బార్ అన్న మాట వదిలేశా, అంతే. అమ్మని అంత దూరం నడిపించలేను, ఇంకో బండికి నలభై నిమిషాలు పట్టింది. అమ్మ మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటుంటే చాలా బాధేసింది. బాపు అమ్మని మాటల్లో పెట్టడానికి పక్కనున్న బోర్డు నాతో చదివించుకున్నాడు, 1460లో యార్క్ డ్యూక్ తల నరికి ఈ ద్వారం మీదే పెట్టారని. శనివారం వెళ్తుంటే పందాలున్నాయేమో చూసుకోండి, ఉంటే తిరుగు బండి పొద్దున్నే బుక్ చేసేయండి.

ఆదివారం ఆ పొరపాటు చేయలేదు. నేషనల్ రైల్వే మ్యూజియంకి పోనురానూ రెండూ టైమ్ చెప్పి బుక్ చేశా, డ్రైవర్ తలుపు దగ్గరే దించాడు, లోపలికి టికెట్ లేదు, అమ్మకి అక్కడే వీల్‌చెయిర్ అడిగి తీసుకున్నాం. బాపు కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు, చేరిన కొత్తలో బొగ్గింజన్ల మీదే పని. మల్లార్డ్ అక్కడ ఉంది, 1938లో గంటకి 126 మైళ్ళు పోయిన ఇంజన్, ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ అదే రికార్డు. బాపు దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, చక్రాల దగ్గర వంగి, ఏ రాడ్ ఏం చేస్తుందో అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు, నలభై ఏళ్ళ కాపురంలో అమ్మ ఇవి ఎప్పుడూ అడగలేదట, ఆయనా చెప్పలేదట. బండి వచ్చిందని మెసేజ్ వచ్చింది. డ్రైవర్‌కి ఫోన్ చేసి, వెయిటింగ్ చార్జీ ఎంతైనా ఇస్తాను, ఒక పది నిమిషాలు ఆగండి అన్నా. ఆగాడు.