నొప్పి ఆగిపోయిన పన్ను

మా పాపకు అప్పుడు ఆరేళ్లు. పడుకున్న గంటకో రెండు గంటలకో లేచి, ఎడమ బుగ్గ పట్టుకుని ఏడ్చేది. పగలు మామూలే. చాక్లెట్లు మానవే అని నేను తిట్టడం, మా అత్తయ్య లవంగం దంచి పంటి మీద పెట్టడం, అలా వారం గడిచింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివరే ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తే పిప్పి గీకి, సిమెంట్ పెట్టి పంపేశారు. ఎక్స్‌రే తీయలేదు. "పాల పన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేదే" అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది, అబద్ధమెందుకు.

నాలుగో రోజుకు నొప్పి పోయింది. ఇంటిల్లిపాదీ కంటినిండా నిద్రపోయాం.

రెండు నెలల తర్వాత పళ్లు తోముతుంటే ఆ పన్ను కింద చిగురు మీద పెసర గింజంత పొక్కు కనిపించింది. నొప్పా అంటే లేదంది. వేలితో తాకగానే చితికి చీము వచ్చింది. ఆ ఆదివారానికి బుగ్గ వాచి, జ్వరం కూడా తగిలింది. నాకు టెన్షన్ మొదలైంది.

ఈసారి పిల్లల పళ్ల డాక్టర్ దగ్గరికే వెళ్లాం. ఆవిడ నోరు తెరిపించకముందే నన్ను అడగడం మొదలుపెట్టారు. నొప్పి ఏదైనా తిన్నప్పుడు వచ్చేదా, ఊరికే వచ్చేదా? రాత్రి నిద్ర లేపేదా? లేపేదన్నాను. తర్వాత పన్ను కదుపుతూ చూశారు, అద్దం కాడతో మెల్లగా తట్టారు, ఎక్స్‌రే తీశారు. పెద్దవాళ్లకు చేసినట్టు చల్లదనం తగిలించి చూసే పరీక్ష ఈ వయసు పిల్లల్లో నమ్మలేమట. డాక్టర్ ఏం వినాలనుకుంటున్నారో అదే చెప్పేస్తారట పిల్లలు.

మనం నరం అంటామే, అదే పల్ప్. ఐస్‌క్రీమ్ తింటే జివ్వుమని వెంటనే తగ్గిపోతే అది ఇంకా కోలుకుంటుందట. దానంతట అదే, అదీ రాత్రిపూట నొప్పి వస్తే కోలుకోవడం కష్టమట. "మరి నొప్పి తగ్గింది కదండీ?" అన్నాను. "లోపల చచ్చిపోయిందమ్మా, ఇక నొప్పెక్కడిది?" అన్నారు.

మేం హాయిగా పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి.

ఎక్స్‌రేలో పన్ను రెండు వేళ్ల మధ్య నల్లటి మచ్చ, దాని కిందే రాబోయే పన్ను మొగ్గ. పీకేయొచ్చుగా అని అడిగాను. ఆ దవడ పన్ను పదకొండు, పన్నెండేళ్ల దాకా ఉండాలట. ఇప్పుడే తీసేస్తే వెనక వస్తున్న పెద్ద పన్ను ముందుకు వాలి, కింది పన్నుకు చోటుండదు. పల్ప్ ప్రాణంతో ఉండగా వచ్చి ఉంటే పైభాగం మాత్రమే తీసి వేళ్లలోది కాపాడేవారట. ఇప్పుడు మొత్తం శుభ్రం చేయాల్సిందే.

యాంటీబయాటిక్‌తో వాపు తగ్గాక మొదలుపెట్టారు. మత్తు సూదిని "పన్నును నిద్రపుచ్చడం" అన్నారు. పన్ను చుట్టూ రబ్బరు షీట్ వేసి, సన్నటి సూదుల్లాంటి వాటితో వేళ్ల లోపల తోమి, పేస్ట్ నింపారు. మనకు రూట్ కెనాల్‌లో నింపేది కరగదు. పిల్లలకు మాత్రం వేరుతో పాటు కరిగిపోయేదే వాడాలి, లేకపోతే కింది పన్ను పైకి రాలేదట. డబ్బా మూత తీయగానే గుప్పున లవంగం వాసన. "నానమ్మ వాసన!" అంది పాప, నోట్లో షీట్ ఉన్నా. ఆ పేస్ట్‌లో లవంగ నూనెలోని యూజినాలే ఉంటుందట. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య ముఖం వెలిగిపోయింది. అప్పట్నుంచీ డాక్టర్ కంటే తనకే ఎక్కువ తెలుసన్నట్టు మాట్లాడుతోంది.

ఒక పొరపాటు నాది. మొద్దుబారిన పెదవిని ఆటోలో కొరుక్కుంటుంటే గమనించలేదు. సాయంత్రానికి పెదవి బూరెలా ఉబ్బింది. పంటి కంటే అదే ఎక్కువ ఏడిపించింది.

మరుసటి వారం స్టీల్ క్యాప్ వేశారు. ఆరు నెలలకు మళ్లీ ఎక్స్‌రే తీస్తే నల్ల మచ్చ పోయి ఎముక నిండింది. పొక్కు మళ్లీ రాలేదు.

మొన్న ముందు పన్ను ఊడితే అత్తయ్య ఆచారం ప్రకారం ఇంటి మీదికి విసరాలంది. మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేం రెండో అంతస్తు. లిఫ్ట్‌లో టెర్రస్‌కి వెళ్లి వాటర్ ట్యాంక్ మీదికి విసిరొచ్చాం. దిగుతుంటే పాప అడిగింది: "వెండి పన్ను ఊడితే అది కూడా విసిరేయాలా నానమ్మా?"

"అది నాకిచ్చెయ్" అంది అత్తయ్య.