స్టిరాయిడ్ రాసే ముందు ఒక స్లైడ్

హిమోగ్లోబిన్ 6.4. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ 284. అది చూసి అనంతపురంలో ఒక డాక్టరు, "పేగువాపు జబ్బు, స్టిరాయిడ్ మొదలుపెడదాం" అన్నాడు. చీనీ తోటలో డ్రిప్పు తడి మీద చెప్పుల్లేకుండా తిరుగుతానని చెబితే, "ల్యాబులో పనిచేసేవాడివి, నీకు పురుగులేందప్పా!" అని నవ్వాడు. ఆ నవ్వు మీద కోపం ఇంకా పోలేదు.

కాల్‌ప్రొటెక్టిన్ న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లోని ప్రొటీను. గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపుంటే మామూలు. పెరిగితే పేగులో వాపు ఉందని తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. మోకాళ్ల నొప్పికి నేను రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ కూడా దాన్ని పెంచుతుంది. నులిపురుగులకు ఒంట్లో ముందు పెరిగేవి ఇయోసినోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లరక్తకణాలు. మైక్రోలీటరు రక్తంలో 500 దాటితే ఎక్కువ, నావి 2,100. ఆ అంకె రెండో పేజీలో ఉంది. ఆయన పేజీ తిప్పలేదు.

ఆ రాత్రే దొడ్డికి తారులా నల్లగా పోయి, బాత్రూములోనే పడిపోయాను. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది. ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తుంటే వణుకు తగ్గలేదు, తెల్లారుతుందన్న నమ్మకమూ లేదు. పొద్దున మా ల్యాబు అమ్మాయి తాజా మలాన్ని సెలైన్‌లో, అయోడిన్‌లో స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది: పల్చటి పెంకు, లోపల విడివిడిగా కణాలు. తడిమట్టిలోంచి ఉత్తకాళ్ల చర్మం గుండా ఒంట్లోకి దూరే కొంకిపురుగు (హుక్‌వర్మ్) గుడ్లు! జాతిని బట్టి ఒక్కో పురుగు రోజుకు 0.03 నుంచి 0.2 మి.లీ. రక్తం పోగొడుతుంది. వందలుంటే సంగటి ఎంత తిన్నా పూడదు. ఆ అమ్మాయి రుణం తీరేది కాదు.

అదే స్ట్రాంగిలాయిడిస్ అనే ఇంకో పేగుపురుగు అయ్యుంటే? స్టిరాయిడ్ పడితే ఆ పురుగు ఒంట్లోనే విపరీతంగా పెరిగి ప్రాణం తీయగలదు. దానికి మలంలో గుడ్లు కాదు, లార్వాలు (పిల్లపురుగులు) వెతకాలి. ఒక్క శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో మూడు చూపించండి.

నాకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మూడు రోజులు ఇచ్చారు, తర్వాత ఐరన్. ఐరన్‌తో కూడా మలం నల్లబడుతుంది, కంగారొద్దు. జిగటగా, తారులా, కంపు కొడుతూ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

మళ్లీ చూస్తే కాల్‌ప్రొటెక్టిన్ 41. ఇంట్లో పండగే. కానీ డైక్లోఫెనాక్ కూడా అప్పుడే మానేశాను గనక ఆ తగ్గుదలంతా పురుగుల లెక్కలో రాయలేం. ఏది తగ్గించిందో తెలియాలంటే, ఒంట్లో ఓపికుండి, ఆగడానికి డాక్టరు ఒప్పుకుంటే, ముందు నొప్పిమాత్ర ఆపి రెండు వారాల తర్వాత మొదటి శాంపిల్ ఇవ్వాలి, ఆపైన పురుగుల మందు. పొద్దుటి మలం, మూత్రమూ నీళ్లూ కలవకుండా, రెండు మూడు చోట్ల నుంచి తీయాలి. నీళ్ల విరేచనమైతే పలచబడి అంకె తక్కువ చూపొచ్చు. కిట్టు మారినా అంకె మారుతుంది, రెండుసార్లూ ఒకే ల్యాబుకివ్వండి. గుడ్ల పరీక్ష మాత్రం మందు వేసిన రెండు మూడు వారాలకు. ఇయోసినోఫిల్స్ మందు పడ్డాక మొదట కాస్త పెరగొచ్చు కూడా, మొదటి వారంలోనే చూపించి మందు పనిచేయలేదనుకోవద్దు.